పెళ్లి డీవీడీ ఆడడం లేదా? స్క్రూడ్రైవర్ తీసే ముందు ఇవి చూడండి

కడప ఇళ్లలో డీవీడీ ప్లేయర్ ఇంకా అలమరలో ఉందంటే అది సినిమాల కోసం కాదు, పెళ్లి వీడియోల కోసం. ఏ పండక్కో చుట్టాలు వచ్చినప్పుడు దాన్ని దింపి, దుమ్ము దులిపి, కొత్త టీవీకి తగిలిస్తారు. అది మొరాయిస్తుంది. "లెన్స్ పోయినట్టుంది" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. లెన్స్ దాకా వెళ్లకముందే తేలిపోయే సమస్యలే ఎక్కువ. ముందు వైర్లు, తర్వాత సెట్టింగులు, ఆపైన డిస్క్. పెట్టె మూత అన్నిటికన్నా చివర.

బొమ్మ రావడం లేదు, లేదా నలుపు తెలుపులో వస్తోంది

టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి 'ఏవీ' (AV, ఈ రంగు పిన్నుల దారి) ఎంచుకున్నారో లేదో చూడండి. పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు పిన్నులు శబ్దానికి. పసుపు పిన్నును ఆకుపచ్చ సాకెట్లో పెట్టి టీవీని కాంపొనెంట్‌లో (బొమ్మ మూడు వైర్లలో వచ్చే పద్ధతి) ఉంచితే రంగులు పోతాయి. కొన్ని టీవీల్లో ఆ ఒక్క సాకెట్టే రెండు పనులూ చేస్తుంది, కాబట్టి సోర్స్‌ను ఏవీకి మారిస్తే చాలు. సన్నని టీవీల్లో హెడ్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒక్కటే ఉంటుంది. దానికి టీవీతో పాటు వచ్చిన అడాప్టరే వాడండి. బజారులో దొరికే అడాప్టర్లన్నిటిలో లోపలి తీగల వరస ఒకేలా ఉండదు. తెర నల్లగా ఉండి స్పీకర్లో గుర్రుమని మోత వస్తే ముందు దాన్నే అనుమానించాలి.

నిన్న వచ్చిన బొమ్మ ఇవాళ రాకపోతే రిమోట్ పిల్లల చేతిలో పడిందేమో కనుక్కోండి. చాలా రిమోట్లలో వీ-మోడ్ లేదా పీ-స్కాన్ అనే బటన్ ఉంటుంది. అది ఒకసారి నొక్కుకుపోతే పసుపు వైరులో బొమ్మ ఆగిపోతుంది. డిస్క్ బయటకు తీసి, ఆ బటన్ నొక్కుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి చూడండి. బొమ్మ వచ్చాక సెట్టింగుల్లో టీవీ పద్ధతిని 'పాల్' (PAL, మన దేశపు టీవీ పద్ధతి)లో గానీ ఆటోలో గానీ ఉంచండి.

సంగీతం వినిపిస్తోంది, మాటలు వినిపించడం లేదు

ప్లేయర్ 5.1 స్పీకర్ల అమరికలో ఉంది. ఆ పద్ధతిలో మాటలు మధ్య స్పీకర్‌కు వెళ్తాయి, మీ ఇంట్లో ఆ స్పీకరే లేదు. ఆడియో సెట్టింగుల్లో డౌన్‌మిక్స్‌ను స్టీరియోకు మార్చండి. హెచ్‌డీఎంఐ వైరు పెట్టాక శబ్దం అసలే రాకపోతే డిజిటల్ అవుట్‌పుట్‌ను 'రా' (RAW) నుంచి 'పీసీఎం' (PCM)కు మార్చి చూడండి.

'నో డిస్క్' అంటోంది

అసలు తిప్పలు ఇక్కడే. కంపెనీ అచ్చువేసిన డీవీడీ ఒకటి, పాటల సీడీ ఒకటి, మీ పెళ్లి డిస్క్ ఒకటి దగ్గర పెట్టుకుని వరసగా వేయండి. సీడీ ఆడి డీవీడీ ఆడకపోయినా, డీవీడీ ఆడి సీడీ ఆడకపోయినా రెండు లేజర్లలో ఒకటి బలహీనపడిందని అనుకోవచ్చు. సీడీకి 780 నానోమీటర్ల కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల కాంతి వాడతారు. మిగతావన్నీ ఆడి పెళ్లి డిస్క్ ఒక్కటే ఆగితే ప్లేయర్‌ను తిట్టకండి. స్టూడియోలో రాసిన డిస్కుల్లో సమాచారం నిలిచేది రంగు పొర మీద. ఎండ, వేడి దాన్ని పాడుచేస్తాయి, మన వేసవి ఏమో 40 డిగ్రీలు దాటుతుంది.

డిస్కును మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. గుండ్రంగా పడిన గీత ట్రాక్ వెంటే సాగుతుంది, దాన్ని ప్లేయర్ సరిదిద్దుకోలేదు. సీడీ, వీసీడీలకు పేరు రాసిన వైపే సున్నితం, ఎందుకంటే సమాచారపు పొర మీద పలుచటి పూత తప్ప మరేమీ ఉండదు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రంగా ఉంటుంది.

ఏ డిస్కూ ఆడకపోతే అప్పుడు లెన్స్. బండలు కోసే, పాలిష్ పట్టే చోట్లకు దగ్గరి ఇళ్లలో సన్నని రాతిపొడి ప్లేయర్ లోపలికీ చేరుతుంది. ప్లగ్ పూర్తిగా పీకి కాసేపు ఆగాకే మూత విప్పండి. పవర్ బోర్డును మాత్రం ముట్టుకోవద్దు, ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉండవచ్చు. శనగగింజంత లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో ఒత్తకుండా తుడవండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్ లెన్సును కరిగిస్తుంది. కరెంటు ఉన్నప్పుడు లెన్స్ వైపు చూడకండి. సీడీ లేజర్ కంటికి కనిపించదు, అయినా హాని చేస్తుంది.

ట్రే తెరుచుకోవడం లేదు

మోటారు మోత వినిపించి ట్రే కదలకపోతే రబ్బరు బెల్టు సాగిపోయిందని అర్థం. తీసి ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, కొత్తది వేయించడమే మంచిది. మోత కూడా లేకపోతే రిమోట్‌లో చైల్డ్ లాక్ చూడండి.

లైటు మిణుకుమిణుకుమంటుంది, ప్లేయర్ మాత్రం ఆన్ కాదు

పవర్ బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉండవచ్చు. ఇది మెకానిక్ పని. అరగంట ఆడి ఆగిపోయేదైతే వేడి వల్ల కావచ్చు. మూసిన అలమరలోంచి తీసి, పైన సెట్‌టాప్ బాక్సు పెట్టకుండా చూడండి.

కువైట్ నుంచి తెచ్చిన ప్లేయర్ డిస్కును ఒప్పుకోవడం లేదు

మన జిల్లాలో ఇది మామూలే. సినిమా డీవీడీలకు, ప్లేయర్లకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ అనే సంఖ్య ఉంటుంది, రెండూ కలవకపోతే డిస్క్ ఆడదు. గల్ఫ్ ప్లేయర్ రీజియన్ 2, భారతదేశం రీజియన్ 5. పెళ్లి డిస్కులకు రీజియన్ ఉండదు, కాబట్టి ఇది సినిమా డిస్కులతోనే వచ్చే తగాదా. కరెంటు విషయంలో భయం లేదు, ప్లగ్‌కు అడాప్టర్ చాలు.

పెన్‌డ్రైవ్ చదవడం లేదు

కంప్యూటర్లో 'ఫ్యాట్32' (FAT32) అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టండి. పాత ప్లేయర్లు ఫోనులో తీసిన వీడియోలను ఆడించలేవు. అది లోపం కాదు, వాటి వయసు.

ఏది ఎలా ఉన్నా, పెళ్లి డిస్క్ ఆడిన రోజునే కంప్యూటర్లో వేసి వీడియో_టీఎస్ అనే ఫోల్డరును కాపీ చేసుకోండి. ప్లేయర్ చదవలేని డిస్కును కంప్యూటర్ డ్రైవు చదవడం తరచూ జరిగేదే. కాపీ సగంలో ఆగితే డిస్కును తుడిచి, వేరే కంప్యూటర్లో మళ్లీ వేసి చూడండి.