పవర్‌లైన్ అడాప్టర్లు ఎలా పెట్టుకోవాలి? ముందు ఏ సాకెట్లో పెట్టాలో తేల్చుకోండి

రూటర్ ఇంటికి ఒక కొసన, మీరు పనిచేసుకునే గది ఇంకో కొసన. మధ్యలో రెండు గోడలో, ఒక శ్లాబో. వైఫై అక్కడికి చేరేసరికి ఒక్క గీతకు పడిపోతుంది. కొత్త వైరు లాగుదామంటే గోడలు తొలవాలి. అలాంటి చోట పవర్‌లైన్ అడాప్టర్లు బాగా పనికొస్తాయి. కరెంటు వైర్లు ఎటూ ప్రతి గదికీ వెళ్లే ఉంటాయి కాబట్టి, అదే తీగ మీద డేటాను కూడా పంపుతాయివి.

తీరా కొన్నాక చాలామంది చేసేదేమిటంటే, ఒకదాన్ని చేతికందిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి, రెండోదాన్ని బీరువా వెనక సాకెట్లో గుచ్చి, లైటు వెలగ్గానే పని అయిపోయిందనుకుంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే ‘ఇవి దండగ’ అని డబ్బాలో పడేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అడాప్టర్ పాడై ఉండటం అరుదు. పెట్టిన చోటే తప్పు.

ల్యాన్ కేబుల్ లాగే వీలుంటే మాత్రం అదే లాగండి, ఈ వ్యాసంతో మీకు పని లేదు. వీలు లేనివాళ్లు ముందుకు రండి.

1. కొనేటప్పుడు

కనీసం రెండు కావాలి, కాబట్టి జతగా అమ్మేవే తీసుకోండి. వీటిలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి: హోమ్‌ప్లగ్, జీ.హెచ్‌ఎన్. ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. డెవోలో కంపెనీవే చూడండి, పాత డీల్యాన్ రకం హోమ్‌ప్లగ్, తర్వాతి మ్యాజిక్ రకం జీ.హెచ్‌ఎన్. పేరు ఒకటే కదా అని ఆ రెండింటినీ కలపబోతే కలవవు.

డబ్బా మీద 600 అనో 1200 అనో వేసిన అంకెను నమ్ముకోకండి. అది వైరు మీద రెండు వైపులా కలిపి, తప్పుల్ని సరిదిద్దుకోవడానికి పోయే భాగాన్ని కూడా లెక్కేసి చెప్పే వేగం. పైగా ఒకే వైరును అడాప్టర్లన్నీ వంతులవారీగా వాడుకోవాలి. వైరింగ్ బాగున్న ఇంట్లో కూడా అందులో మూడో వంతు చేతికొస్తే సంతోషించాలి. అంకెకంటే ముందు ల్యాన్ పోర్టు చూడండి. 500, 600 అని రాసిన కొన్ని మోడళ్లలో పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. లోపల ఎంత పరిగెత్తినా గుమ్మం దగ్గర 100కే ఆగిపోతుంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు లేనిది కొనకండి.

మూడు పిన్నులది, ముందు వైపు ఇంకో సాకెట్ ఉన్నది తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను. వైఫై కూడా ఇచ్చే పవర్‌లైన్ అడాప్టర్లు వద్దు. మీకు అనువైన సాకెట్ మంచం కింద దొరికితే వైఫై కూడా మంచం కిందే ఉండిపోతుంది. ఆ రెండు పనులూ రెండు పెట్టెలకు అప్పజెప్పడమే నయం.

2. జత కలపడం

రెండింటినీ ముందు ఒకే గదిలో, పక్కపక్క సాకెట్లలో పెట్టండి. ఒకదాని మీద పెయిర్ బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపు రెండోదాని మీద నొక్కండి. మీ మోడల్‌లో ఎంతసేపు నొక్కి పట్టుకోవాలో కాగితంలో ఉంటుంది. పవర్‌లైన్ లైటు స్థిరంగా వెలిగితే కలిసినట్టే. ఇక తీసుకెళ్లి ఎక్కడ పెట్టినా మళ్లీ నొక్కక్కర్లేదు.

కొన్ని జతలు బటన్ నొక్కకుండానే కలిసిపోతాయి. అయినా నొక్కండి. హోమ్‌ప్లగ్ రకాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అందరికీ ఒకటే అయిన తాళంతో వస్తాయి. కరెంటు మీటరు ఈ సిగ్నల్‌కు గోడేమీ కాదు, పక్క ఇంటి వైరింగ్‌లోకి కూడా కొంత పాకుతుంది. అక్కడా ఎవరో ఇలాగే బటన్ నొక్కకుండా పెట్టుకుని ఉంటే, మీ నెట్‌వర్కూ వాళ్లదీ ఒకటైపోవచ్చు. బటన్ నొక్కితే ఈ జతకు మాత్రమే చెందిన కొత్త తాళం తయారవుతుంది.

3. రూటర్ దగ్గర

రూటర్‌లోని ల్యాన్ పోర్టు నుంచి అడాప్టర్‌కు కేబుల్. వ్యాన్ అని ఉన్న పోర్టు బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చేది, దాని జోలికి పోకండి. ఇంతే.

4. సాకెట్ వెతకడం

అసలు పని ఇదే. ఇక్కడ గంటన్నర ఖర్చుపెట్టండి.

మొదటి నియమం: అడాప్టర్ నేరుగా గోడ సాకెట్లోనే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, స్పైక్ గార్డ్ అసలే వద్దు. కరెంటు సెకనుకు 50 లేదా 60 సార్లు ఊగుతుంది. డేటా సిగ్నల్ అదే తీగ మీద సెకనుకు లక్షల నుంచి కోట్ల సార్లు ఊగుతుంది. పాత హోమ్‌ప్లగ్ ఏవీ రకం దాదాపు 30 మెగాహెర్ట్జ్ (సెకనుకు మూడు కోట్ల ఊపులు) దాకా, ఏవీ2 రకం 86 దాకా వాడుకుంటాయి. స్పైక్ గార్డ్ లోపలి ఫిల్టర్లకు అంత వేగంగా ఊగేదంతా చెత్తే. చెత్తను మింగేయడమే వాటి ఉద్యోగం, మీ డేటాను కూడా శ్రద్ధగా మింగేస్తాయి. యూపీఎస్ ఇంకా దారుణం. కరెంటును లోపల కొత్తగా తయారుచేసి ఇచ్చే రకమైతే సిగ్నల్ అటు నుంచి ఇటు రానే రాదు.

‘మరి ఉన్నది ఒకటే సాకెట్, రూటర్ ఎక్కడ పెట్టను?’ అంటారా? అందుకే ముందు వైపు సాకెట్ ఉన్నది కొనమన్నాను. అడాప్టర్‌ను గోడకు పెట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్సును దాని ముఖానికి గుచ్చండి. ఆ సాకెట్‌కు లోపల ఫిల్టర్ ఉంటుంది, దానికి తగిలించిన వస్తువుల రొదను గోడ వైపు రాకుండా ఆపుతుంది. అంటే గోల చేసే ఛార్జర్లను అందులోనే పెట్టడం మంచిది. హీటర్లు, ఇస్త్రీ పెట్టెల లాంటివి మాత్రం దాని మీద రాసిన ఆంపియర్లు చూడకుండా పెట్టకండి.

రెండో సంగతి, రెండు సాకెట్లూ ఏ దారిన కలుస్తున్నాయన్నది. గదుల మధ్య దూరం ఇక్కడ లెక్కలోకి రాదు, వైరు దూరం లెక్క. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు సాకెట్ల మధ్య వైరు మెయిన్ బోర్డు దాకా వెళ్లి తిరిగి వచ్చి ఉండొచ్చు. తేల్చుకోవడం సులువే. బోర్డులో ఒక్కో ఎంసీబీ (ఒక్కో లైనును ఆపే స్విచ్) దించి, ఏ సాకెట్లు ఆగిపోతున్నాయో చూడండి. రెండు సాకెట్లూ ఒకే ఎంసీబీ కింద ఉంటే మీ అదృష్టం. వేర్వేరు ఎంసీబీల కిందైతే కొంత తగ్గుతుంది, అయినా పనికొస్తుంది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒకటి ఒక ఫేజు మీద, రెండోది వేరే ఫేజు మీద ఉంటేనే అసలు చిక్కు. అప్పుడు సిగ్నల్‌కు సరైన దారి ఉండదు. పక్కపక్కన నడిచే వైర్ల మధ్య ఎంత కారితే అంతే అందుతుంది. కొన్ని ఇళ్లలో అదీ చాలుతుంది, కొన్నింట్లో లైటే వెలగదు. ఏ సాకెట్ ఏ ఫేజు మీద ఉందో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. బోర్డు మూత మీరు విప్పకండి.

ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే ఇంకో మెలిక ఉంది. రెండు అడాప్టర్లూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి, లేదా రెండూ బయటే ఉండాలి. ఒకటి లోపల, ఒకటి బయట ఉంటే సిగ్నల్ ఇన్వర్టర్ పెట్టె చుట్టూ తిరిగి రావాలి. కరెంటు పోయినప్పుడు రూటర్ వెలుగుతూనే ఉండి గదిలో అడాప్టర్ మాత్రం చచ్చిపోతుంది. అప్పుడు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి తిట్టి లాభం లేదు.

మూడోది ఎర్త్. కొత్త రకాలు ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ తీగను కూడా వాడుకుని రెండో దారి వేసుకుంటాయి. సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన వెనక తీగ ఉన్నట్టు కాదు. అది లేకపోయినా అడాప్టర్ పనిచేస్తుంది, ఒక్క దారితో సరిపెట్టుకుంటుంది. వేగం సంగతి పక్కన పెట్టినా, ఎర్త్ లేని సాకెట్‌ను బాగుచేయించుకోవాల్సిందే.

ఇక రొద. చవక ఫోన్ ఛార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు, లైట్ల కాంతి తగ్గించే డిమ్మర్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, మిక్సీలు, వాక్యూమ్ క్లీనర్లు అన్నీ వైరు మీద అల్లరి చేసేవే. డిమ్మర్ అయితే 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకు 100 సార్లు ఒక చిన్న దెబ్బ కొడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రొద ఎటువైపు ఉందో వేగమే చెప్తుంది. వినేవాడి చెవి దగ్గర గోల ఉంటేనే మాట వినపడదు కదా. గదిలో డౌన్‌లోడ్ నెమ్మదించి అప్‌లోడ్ బాగుంటే, అల్లరి వస్తువు గదిలోని అడాప్టర్ దగ్గర ఉంది. అప్‌లోడ్ ఒక్కటే పడిపోతే రూటర్ దగ్గర వెతకండి. మీ ప్లాన్‌లోనే అప్‌లోడ్ తక్కువ ఉంటే మాత్రం ఈ లెక్క నేరుగా కుదరదు, రూటర్ దగ్గర వచ్చిన అంకెలతో పోల్చి చూడాలి.

ఇప్పుడు కొలవడం. ఫోన్‌తో కొలవకండి. ఫోన్ కొలిచేది వైఫైని. ల్యాన్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ తీసుకుని, వైఫై ఆపేసి, ముందు రూటర్‌కే నేరుగా కేబుల్ పెట్టి వేగం చూసి కాగితం మీద రాసుకోండి. మీ కనెక్షన్ ఇవ్వగలిగేది అదే, అడాప్టర్ దానికి మించి ఇవ్వదు. తర్వాత గదిలో ఒక్కో సాకెట్లో అడాప్టర్ పెట్టి, ల్యాప్‌టాప్‌ను దానికి తగిలించి కొలవండి. గుచ్చిన వెంటనే కొలవొద్దు. వైరు మీద ఏ పౌనఃపున్యాలు బాగున్నాయో, వేటిని వదిలేయాలో అడాప్టర్లు తడిమి చూసుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వండి. ప్రతి సాకెట్‌కూ డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాయండి. ఒకసారికి ఒక కొసనే మార్చండి. రెండు కొసలూ కలిపి మార్చితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

గదిలో అన్ని సాకెట్లూ అయ్యాక, వాటిలో మంచిదాన్ని అలాగే ఉంచి, రూటర్ వైపు ఇదే పని చేయండి. ఈ వైపు ఎవరూ చేయరు! రూటర్ కదలకపోయినా అడాప్టర్ కదలొచ్చు. రెండు మూడు మీటర్ల ల్యాన్ కేబుల్ ఉంటే ఎదురు గోడ సాకెట్ కూడా అందుతుంది. నా లెక్కలో, ఎక్కువగా బాగుపడేది ఈ వైపు మార్చినప్పుడే.

వేగం ఒక్కటే చూసి ఆగకండి. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు పింగ్ (చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) పెట్టి పది నిమిషాలు వదిలేయండి. కొద్ది మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండాలి. మధ్యమధ్యలో వందల్లోకి ఎగిరితే, వీడియో కాల్‌లో మాట తెగిపోయేది అక్కడే. 200 ఎంబీపీఎస్ ఇచ్చి ఎగిరిపడే సాకెట్‌కంటే 120 ఇచ్చి కుదురుగా ఉండేదే నేను ఎంచుకుంటాను.

ఈ పరీక్షను రాత్రి మళ్లీ చేయండి. పగలు ఖాళీ ఇంట్లో కొలిచిన అంకె ఎందుకూ కొరగాదు. లైట్లన్నీ వెలిగి, ఫోన్లన్నీ ఛార్జింగ్‌కు పెట్టి, వంటింట్లో ఏదో తిరుగుతున్నప్పుడు వచ్చేదే మీ అసలు వేగం. అప్పుడు బాగా పడిపోతే ఒక్కో వస్తువునూ ఆపుతూ చూడండి. చాలాసార్లు ఒక్క ఛార్జరే దొంగ అవుతుంది. దాన్ని మార్చేయండి, లేదా అడాప్టర్ ముందు సాకెట్లోకి తెచ్చి పెట్టండి.

లైటు రంగును నమ్మొద్దా అని అడుగుతారు. చాలా మోడళ్లలో పచ్చ, పసుపు, ఎరుపు అని మూడు రంగులుంటాయి. అవి చెప్పేది ఉజ్జాయింపు మాత్రమే. రెండు సాకెట్లలోనూ పచ్చే వెలుగుతుంది, ఒకదాంట్లో రెండోదానికంటే రెట్టింపు వేగం వస్తుంది. కాగితం మీద రాసుకున్న అంకే సాక్ష్యం.

5. గదిలో వైఫై కూడా కావాలంటే

అడాప్టర్‌కు ఒక యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె, తగిలించండి. ఇంట్లో పాత రూటర్ ఉంటే అదీ పనికొస్తుంది. దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, దాని చిరునామా అసలు రూటర్ చిరునామాతో ఢీకొనకుండా మార్చి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులోనే పెట్టండి.

వైఫై రిపీటర్ కొంటే ఇదంతా తప్పేది కదా అనే స్నేహితుడు ఒకడు ప్రతి ఇంటికీ ఉంటాడు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో మళ్లీ చెప్పాలి, అక్కడే వేగం సగానికి పడుతుంది. పైగా సిగ్నల్ సరిగ్గా అందని గదిలోనే దాన్ని పెడతారు. అందనిదాన్ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంట్లో అక్కడక్కడా పెడితే ఒకే వైఫైగా పనిచేసే మెష్ పెట్టెలు నయమే. వాటి మధ్య లంకెను పవర్‌లైన్ మీద వేస్తే, ఆ లంకె భారం గాలి మీద పడదు.

6. చివరిగా రెండు చిల్లర పనులు

మీ మోడల్‌కు ఫర్మ్‌వేర్ (అడాప్టర్‌ను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి. అడాప్టర్ వెచ్చగా ఉండటం మామూలే, కానీ పరుపుల వెనక, గుడ్డల కింద పెట్టకండి. ల్యాప్‌టాప్ ఆపితే కాసేపటికి అడాప్టర్ నిద్రపోతుంది, లైట్లు ఆరిపోతాయి. చెడిపోలేదు, కరెంటు ఆదా చేస్తోంది.

ఏ సాకెట్లో పెట్టినా పది పదిహేను ఎంబీపీఎస్ దాటలేదంటే, ఒక పని చేసి చూడండి. రెండింటినీ ఒకే గదిలో, ఒకే ఎంసీబీ కింద ఉన్న రెండు గోడ సాకెట్లలో పెట్టి, అటు రూటర్, ఇటు ల్యాప్‌టాప్ తగిలించి కొలవండి. అక్కడా అంతే వస్తే వస్తువు లోపం, మార్చి ఇమ్మని అడగండి. అక్కడ బాగా వస్తే మీ ఇంటి వైరింగ్‌కు ఇది పడదు. డబ్బా చించకుండా ఉంచి ఉంటే తిరిగిచ్చేసి, పాత టీవీ కేబుల్ ఆ గదిదాకా ఉంటే దాని మీద నడిచే మోకా అడాప్టర్ల సంగతి చూడండి.