వేల్స్ ఇనుప కార్ఖానాల్లో పనిచేసిన పూర్వీకుల్ని వెతకడం ఎలా

మీ ఇంట్లో ఎవరికైనా వేల్స్ మూలాలు ఉండి, వాళ్ళ ముత్తాతలు మెర్థిర్ టిడ్‌విల్, డౌలైస్, ట్రెడీగర్, ఎబూ వేల్, బ్లైనావన్ వైపు ఇనుప కార్ఖానాల్లో పనిచేశారని విని ఉంటే ముందే ఒక మాట చెప్తాను, పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. జాన్ డేవీస్ అని కొట్టగానే వందలమంది వస్తారు. వాళ్ళలో చాలామంది భార్య పేరు మేరీ, తండ్రి పేరు విలియమ్, పైగా అందరూ ఆ నాలుగు వీధులవాళ్ళే. ఆ గుంపులో మీ మనిషి ఎవరో తేల్చేవి అతను చేసిన పని, ఉన్న వీధి, వెళ్ళిన చాపెల్ (ప్రార్థనా మందిరం). ఈ మూడూ దొరికితే పేరు దానంతట అదే తేలుతుంది.

యూకేలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోకి వెల్ష్ కోడళ్ళూ అల్లుళ్ళూ వచ్చారు. పిల్లల కోసం వంశవృక్షం రాద్దామని కూర్చుంటే మనవైపు ఇంటిపేరు, గోత్రం, ఊరు అన్నీ వస్తాయి, అటువైపు మాత్రం "ఏదో ఇనుప ఫ్యాక్టరీలో చేసేవారట" దగ్గర ఆగిపోతుంది. ఆ వెలితి తీరాలనే ఇదంతా రాస్తున్నాను. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్ళలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో జోన్స్, ఎవాన్స్ లాంటి ఇంటిపేరు ఉన్నవాళ్ళకీ ఇది పనికిరావచ్చు. అయితే వాళ్ళు ముందు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు చూసుకోవాలి. అవి ఎన్/2 అనే సిరీస్‌లో ఉంటాయి. ఇండియాకి మొదట వచ్చిన మనిషి ఎవరో తేలాకే వేల్స్ జోలికి వెళ్ళండి.

పేర్లు ఎందుకింత కలగాపులగమో తెలిస్తే చిరాకు తగ్గుతుంది. పాతకాలం వేల్స్‌లో మనలా తరతరాలకీ నిలిచే ఇంటిపేరు ఉండేది కాదు. తమిళనాడులో తండ్రి పేరు ఇనీషియల్ అయినట్టు అక్కడ తండ్రి పేరే రెండో పేరు అయ్యేది. ఎవాన్ కొడుకు డేవిడ్ అయితే డేవిడ్ ఎవాన్, అతని కొడుకు జాన్ అయితే జాన్ డేవిడ్. పల్లెల్లో కొన్నిచోట్ల ఇది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ నడిచింది. కాబట్టి 1800 కంటే వెనక్కి వెళ్ళేటప్పుడు తండ్రికీ కొడుక్కీ ఇంటిపేరు ఒకటే ఉంటుందని లెక్క వేసుకోవద్దు. డేవీస్, డేవిస్, డేవిడ్ మూడూ ఒకే కుటుంబానివి కావచ్చు, మూడు రకాలుగానూ వెతకండి.

ఇప్పుడు ఊరి సంగతి. మెర్థిర్‌లో డౌలైస్ 1759లో, ప్లిమత్ 1763లో, కవార్థ్‌వ 1765లో, పెనడారెన్ 1784లో మొదలయ్యాయి. ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి అన్నీ అక్కడే దొరికేవి కాబట్టి నాలుగు కార్ఖానాలూ ఒకదాని పక్కన ఒకటి లేచాయి. 1801లో 7,700 మంది ఉన్న మెర్థిర్‌లో 1851 నాటికి 46,000 మంది దాటారు. ఇంత జనం అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కాదు కదా, కార్మార్థెన్, కార్డిగన్, పెంబ్రోక్, బ్రెకన్ పల్లెల నుంచి పొలం పనులు వదిలి వచ్చినవాళ్ళే ఎక్కువ, తర్వాత ఐర్లాండ్ నుంచి కూడా వచ్చారు. అంటే మీ వెతుకులాట మెర్థిర్‌లో ఆగదు, అక్కణ్ణుంచి ఇంకో పల్లెకి పోతుంది. ఆ పల్లె పేరు సంపాదించడమే మొదటి పెద్ద పని.

ఇంట్లో పెద్దవాళ్ళని అడగడం, పాత ఫోటోల వెనక రాతలు, బైబిల్ మొదటి పేజీలో రాసుకున్న పుట్టిన తేదీలు, ఇవన్నీ ముందు చూసుకోండి. తర్వాత సర్టిఫికెట్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. ఫ్రీబీఎండీ అనే సైట్‌లో ఇండెక్స్ ఉచితంగా చూడొచ్చు. ఈ నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయం జీఆర్‌ఓ, వాళ్ళ సొంత ఇండెక్స్ ఇంకా మేలు, ఎందుకంటే అందులో మొదటి నుంచీ పిల్లల తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. జోన్స్, డేవీస్‌ల మధ్య కొట్టుమిట్టాడేటప్పుడు ఆ ఒక్క కాలమ్ ఎంత ఊరటో వెతికినవాళ్ళకే తెలుస్తుంది. అన్నిటికంటే పెళ్ళి సర్టిఫికెట్ మీద డబ్బు పెట్టండి. వధూవరులిద్దరి తండ్రుల పేర్లూ, ఆ తండ్రులు చేసే పనీ అందులో రాసి ఉంటాయి, ఒక్క కాగితంతో రెండు తరాల పని తెలిసిపోతుంది.

ఇక జనాభా లెక్కలు. పదేళ్ళకోసారి జరిగే వీటిలో 1841ది బలహీనం, పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని ఐదు గుణిజానికి కిందికి దించి రాశారు, పుట్టిన ఊరి బదులు ఈ కౌంటీలో పుట్టారా లేదా అన్నదే రాశారు. అదే 1851కి వస్తే ఇంటి యజమానికి ఎవరెవరు ఏమవుతారో, అసలు వయసు, చేసే పని, పుట్టిన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి) అన్నీ ఉంటాయి. సైట్‌లో ఎవరో టైప్ చేసిన వివరాలు చూసి వదిలేయకుండా అసలు పేజీ బొమ్మ తెరవండి. పడ్లర్ అని రాసినదాన్ని పెడ్లర్ అని చదివితే ఇనుము కరిగించే మనిషి కాస్తా గంపెత్తుకుని సరుకులమ్మేవాడు అయిపోతాడు. పేజీ తెరిచాక మీవాళ్ళ ఇంటి దగ్గరే ఆగకండి, పైన కింద పది ఇళ్ళు చదవండి. అద్దెకున్న కుర్రాడు ఏ పారిష్‌లో పుట్టాడో, పక్కింటివాళ్ళు ఏ పారిష్ నుంచి వచ్చారో చూడండి. ఒకే పల్లెవాళ్ళు ఒకే వరసలో ఇళ్ళు తీసుకోవడం మామూలే, మీ ముత్తాత పుట్టిన ఊరు సరిగా చదవడానికి రాకపోతే పక్కింటి మనిషి దగ్గర అదే పేరు స్పష్టంగా కనబడొచ్చు. 1891లో వెల్ష్ మాట్లాడతారా, ఇంగ్లిషా, రెండూనా అని కూడా అడిగారు. 1911లో ఆ పెళ్ళికి ఎన్నేళ్ళు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది మిగిలారు అన్నది ఉంటుంది, చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. 1921లో పనిచ్చిన యజమాని పేరూ పనిచేసే చోటూ ఉన్నాయి, పని వివరం కోసం వెతికేవాళ్ళకి అదో నిధి. 1931వి కాలిపోయాయి, వాటికోసం వెతక్కండి.

పని పేరు దొరికాక దాన్ని అర్థం చేసుకోవాలి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ రోజుల్లో దక్షిణ వేల్స్‌లో మైనర్ అంటే మామూలుగా ఇనుపరాయి తవ్వేవాడు, బొగ్గు తవ్వేవాణ్ణి కాలియర్ అనేవారు. బొగ్గు గనులు కూడా ఎక్కువగా ఇనుప కంపెనీలవే. ఉదాహరణకి 1862లో పేలుడు జరిగి 47 మంది చనిపోయిన గెథిన్ గని కవార్థ్‌వ యజమానులైన క్రాషేలది. కాబట్టి మీ మనిషి కాలియర్ అని ఉన్నా ఇనుప కంపెనీ కూలీయే కావచ్చు. హాలియర్ అంటే గుర్రంతో బండ్లు లాగించేవాడు. ఫిల్లర్ బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుపరాయి కరిగించే పెద్ద కొలిమి) పైనుంచి ముడిరాయి, బొగ్గు, సున్నపురాయి వేసేవాడు. ఆడవాళ్ళ పేరు పక్కన కూడా పని ఉంటుంది, సున్నపురాయి పగలగొట్టడం, ఇనుప ముక్కల్ని కట్టలుగా పేర్చడం ఆడపిల్లలు చేసిన పనులే. వాటిని చదవకుండా దాటిపోకండి, ఆ ఇల్లు ఆ పిల్లల కూలితోనూ గడిచింది.

పడ్లర్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ఇనుములో కార్బన్ ఎక్కువ, సుత్తి పడితే పగిలిపోతుంది. దాన్ని వేరే కొలిమిలో కరిగించి, కొలిమి తలుపులోని చిన్న రంధ్రంలోంచి పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి కలుపుతూ ఉంటే కార్బన్ మండిపోతుంది, ఇనుము మెల్లగా చిక్కబడుతుంది. చిక్కబడేకొద్దీ కడ్డీ కదలదు, మనిషి ఒళ్ళంతా పెట్టి తిప్పాలి. చివరికి ఆ ముద్దని ఉండలుగా చేసి పట్టకారుతో బయటికి లాగితే షింగ్లర్ అనేవాడు పెద్ద సుత్తి కింద పెట్టి మలినం పిండేస్తాడు, అక్కణ్ణుంచి రోలర్ చేతికి వెళ్ళి కడ్డీ అవుతుంది, రైలు పట్టా అవుతుంది. ఇదంతా ఎప్పుడు పూర్తవుతుందో చెప్పేందుకు యంత్రం లేదు, మంట రంగు, చేతికి తగిలే బరువు చూసి పడ్లరే తేల్చుకోవాలి. అందుకే అతను మామూలు కూలీ కాదు, నైపుణ్యం ఉన్నవాడు. అతనికి ఒక సహాయకుడు ఉంటాడు, చాలాసార్లు కొడుకో తమ్ముడో. జనాభా లెక్కల్లో ఒకే ఇంట్లో పడ్లర్ పక్కన పదహారేళ్ళ కుర్రాడు కూడా కొలిమి పనిలో ఉన్నాడని కనిపిస్తే ఆ ఇంటి సంగతి మీకు అర్థమైపోవాలి.

పిల్లల పని గురించి ఇంకో గొప్ప ఆధారం 1842లో వచ్చిన బాలకార్మికుల విచారణ కమిషన్ నివేదిక. దక్షిణ వేల్స్ గనులకీ కార్ఖానాలకీ వెళ్ళి, పిల్లల్ని నేరుగా అడిగి, పేరు వయసుతో సహా జవాబులు రాసుకున్నారు. మీ ఇంటి పిల్ల పేరే దొరకకపోయినా అదే కార్ఖానాలో అదే వయసు పిల్ల ఏం తిని, ఎన్ని గంటలు పనిచేసిందో ఆమె నోటి నుంచే తెలుస్తుంది.

చాపెల్ అంటే ఆంగ్లికన్ చర్చి కాని ప్రొటెస్టెంట్ ప్రార్థనా మందిరం. ఇనుప ఊళ్ళ జనంలో ఎక్కువమంది వీటికే వెళ్ళేవారు, ఇండిపెండెంట్లు, బాప్టిస్టులు, కాల్వినిస్టిక్ మెథడిస్టులు అని రకాలు. కాబట్టి పారిష్ చర్చి రిజిస్టర్‌లో బాప్తిస్మం కనబడకపోతే కంగారుపడకండి. 1837కి ముందువి చాలా చాపెల్ రిజిస్టర్లు ప్రభుత్వానికి అప్పగించారు, అవి లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 కింద ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరన్నది గుర్తుంచుకోండి. పెళ్ళిళ్ళ సంగతి వేరు. 1754 నుంచి 1837 వరకూ క్వేకర్లు, యూదులు తప్ప ఎవరైనా సరే పారిష్ చర్చిలోనే పెళ్ళి చేసుకోవాలి, అందుకే పక్కా చాపెల్ కుటుంబమైనా పెళ్ళి మాత్రం చర్చి రిజిస్టర్‌లో దొరుకుతుంది. వేల్స్ పారిష్ రిజిస్టర్ల బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ అనే సైట్‌లో ఉన్నాయి. కౌంటీ సరిహద్దులు కూడా చూసుకోవాలి. కవార్థ్‌వలో పనిచేసి నది అవతల కెవ్న్ కోయిడ్‌లో కాపురమున్నవాళ్ళు వైనర్ పారిష్, బ్రెకన్ కౌంటీ కిందికి వస్తారు, మెర్థిర్ రిజిస్టర్లు ఎంత తిప్పినా వాళ్ళు కనబడకపోవచ్చు.

సమాధిరాళ్ళు చాలావరకు వెల్ష్‌లోనే ఉంటాయి. ఎర్ కోవ్ అమ్ (జ్ఞాపకార్థం), మాబ్ (కొడుకు), మెర్హ్ (కూతురు), ప్రియోద్ (భర్త లేదా భార్య) అనే నాలుగు మాటలు తెలిస్తే సగం రాయి చదివేసినట్టే. 1849 ప్రాంతంలో ఒకే ఇంట్లో వరసగా మరణాలు కనిపిస్తే కలరా అనుకోండి, ఆ ఏడు మెర్థిర్‌లో 1,400 మందికి పైగా పోయారు.

వార్తాపత్రికల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అబరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ 1919 వరకూ వచ్చిన పత్రికల్ని వెల్ష్ న్యూస్‌పేపర్స్ ఆన్‌లైన్ అనే సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఇక్కడ కూడా పేరు ఒక్కటే కొట్టకుండా వీధి పేరు, పని పేరు కలిపి వెతకండి. కార్ఖానా ప్రమాదాలు, శవ విచారణలు, చాపెల్ సంగీత పోటీల్లో గెలిచినవాళ్ళు, అన్నీ వస్తాయి. 1858కి ముందు వీలునామాలు కూడా అదే లైబ్రరీ ఉచితంగా చూపిస్తుంది.

కంపెనీ కాగితాల మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. డౌలైస్ కంపెనీ పత్రాలు కార్డిఫ్‌లోని గ్లమోర్గన్ ఆర్కైవ్స్‌లో, కవార్థ్‌వ పత్రాలు నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో వ్యాపార ఉత్తరాలే ఎక్కువ, పనివాళ్ళందరి జాబితా దొరుకుతుందని వెళ్తే నిరాశే. మీ మనిషి పనిచేసిన ఏళ్ళలో ఆ కార్ఖానా ఎలా నడిచింది, జీతాలు ఎప్పుడు తగ్గించారు అన్నది తెలుసుకోవడానికి చదవండి. మన్మత్‌షైర్ (ట్రెడీగర్, ఎబూ వేల్, బ్లైనావన్ ఉన్న పాత కౌంటీ) వైపు వాళ్ళయితే గ్వెంట్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి, అది ఎబూ వేల్ ఉక్కు కర్మాగారం పాత ఆఫీసు భవనంలోనే ఉంది.

వీధి ఇప్పుడు లేకపోతే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు చూడండి, వేల్స్‌వి కూడా ఉన్నాయి, ఇప్పటి మ్యాపు మీద పెట్టి పోల్చుకోవచ్చు. వీలైతే కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియం తప్పకుండా చూడాలి. మెర్థిర్‌లో రిడ్-అ-కార్ అనే చోట ఇనుపరాయి కార్మికుల కోసం కట్టిన ఆరు ఇళ్ళ వరసని రాయి రాయి విప్పి అక్కడికి తెచ్చి మళ్ళీ కట్టారు. ఒక్కో ఇంటినీ ఒక్కో కాలంలో ఉన్నట్టు సర్దారు, మొదటిది 1805, చివరిది 1985. ఆ గది ఎంత ఇరుకో చూశాక జనాభా లెక్కల్లో తొమ్మిదిమంది ఉన్న ఇల్లంటే ఏమిటో వేరేగా చెప్పక్కర్లేదు.

చివరగా, కుటుంబం మొత్తం ఒక లెక్కల్లో ఉండి తర్వాతిదానిలో మాయమైతే అందరూ చనిపోయారని అనుకోకండి. 1870ల్లో కవార్థ్‌వ మూతపడి కొన్నేళ్ళ పాటు తెరుచుకోలేదు, చేతిలో నైపుణ్యం ఉన్నవాళ్ళు ఊరు వదిలారు. కొందరు ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోకి, చాలామంది అంతకు ముందు నుంచే అమెరికాలో పెన్సిల్వేనియాకి వెళ్ళారు. మెర్థిర్‌వాడైన జాన్ హ్యూస్ 1870లో వందమంది దాకా పనివాళ్ళని వెంటబెట్టుకుని రష్యా సామ్రాజ్యానికి వెళ్ళి కార్ఖానా పెట్టాడు, ఆ ఊరే ఇప్పటి ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్. అక్కడికి వెళ్ళిన కుటుంబాల కాగితాలు, ఫోటోలు గ్లమోర్గన్ ఆర్కైవ్స్‌లో విడిగా ఒక సేకరణగా ఉన్నాయి. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి తర్వాతి లెక్కల్లో ఆ కుటుంబం మళ్ళీ కనిపిస్తే పిల్లలు పుట్టిన చోటు ఒక్కొక్కరిదీ వరసగా చదవండి. పెద్దవాడు మెర్థిర్, రెండోది పెన్సిల్వేనియా, ఆఖరివాడు మళ్ళీ మెర్థిర్ అని ఉంటే, ఎప్పుడు వెళ్ళారో ఎప్పుడు వచ్చారో ఆ వయసుల్ని బట్టే లెక్క కట్టొచ్చు, ఓడ ప్రయాణికుల జాబితాలు ఏ ఏళ్ళలో వెతకాలో కూడా దాంతోనే తేలుతుంది.