కాస్మిక్ కిరణాల కాపలా – 4వ పాఠం: ట్రిగ్గర్ రేటు చదవడం

పోయిన మూడు పాఠాల్లో ఏఎంఎస్-02 డిటెక్టర్‌ని, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాల కణాలను పట్టి కొలిచే పరికరాన్ని, విప్పి చూశాం. మధ్యలో శాశ్వత అయస్కాంతం, కణం దారి ఎంత వంగిందో చెప్పే తొమ్మిది పొరల సిలికాన్ ట్రాకర్, అయస్కాంతానికి పైన రెండు, కింద రెండు టైమ్ ఆఫ్ ఫ్లైట్ పలకలు (కణం ఎంత సమయంలో దాటిందో కొలిచేవి), అట్టడుగున శక్తిని కొలిచే సీసం కేలరీమీటర్. ఇక షిఫ్టులో కూర్చుందాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 2011 మే 19న ఈ డిటెక్టర్‌ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించారు కాబట్టి వ్యోమగాములే దాన్ని నడుపుతారని చాలామంది అనుకుంటారు. వాళ్లకి రోజువారీగా దీనితో పెద్దగా పని ఉండదు. నడిపేది జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని కంట్రోల్ రూమ్. 24 గంటలూ అక్కడ ఎవరో ఒకరు షిఫ్టులో ఉంటారు. వాళ్లు పంపే కమాండ్లు అమెరికాలో హంట్స్‌విల్‌లోని నాసా కేంద్రం మీదుగా పైకి వెళ్తాయి.

షిఫ్టులో మీ ముందు బోలెడు గ్రాఫులు ఉంటాయి. కొత్తవాళ్లు అన్నిటినీ ఒకేసారి చూడబోయి టెన్షన్ పడతారు. నా మాట వింటే మొదటి వారం ఒక్క గ్రాఫే చూడండి: ట్రిగ్గర్ రేటు.

ఒక కణం పై పలకల్నీ, కింది పలకల్నీ దాటుకుని పోయిందనుకోండి. 'ఇది పనికొచ్చేదే, రాసుకో' అని ఎలక్ట్రానిక్స్ నిర్ణయించడమే ట్రిగ్గర్. అలా సెకనుకు ఎన్ని జరిగాయన్నదే రేటు. ఒక్కో ట్రిగ్గర్‌కి దాదాపు 3 లక్షల ఛానెళ్లను చదవాలి. చదువుతున్న ఆ క్షణంలో ఇంకో కణం వచ్చినా దాన్ని పట్టించుకోదు. టికెట్ కౌంటర్లో గుమాస్తా ఒకరికి టికెట్ కొడుతుంటే వెనకవాళ్లు ఆగినట్టే, కాకపోతే ఇక్కడ ఆగినవాళ్లు మళ్లీ రారు. అందుకే రేటు పక్కనే లైవ్ టైమ్ అనే ఇంకో అంకె ఉంటుంది. డిటెక్టర్ ఎంత శాతం సమయం ఖాళీగా, కొత్త కణానికి సిద్ధంగా ఉందో అది చెబుతుంది. రేటు పెరిగితే లైవ్ టైమ్ తగ్గుతుంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపే చూడాలి.

ఇప్పుడు గ్రాఫు చూడండి. రేటు సెకనుకు సుమారు 200 నుంచి 2000 దాకా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కేంద్రం భూమిని ఒకసారి చుట్టడానికి దాదాపు 93 నిమిషాలు పడుతుంది; ఆ సమయంలో రెండు ఎత్తులు, రెండు పల్లాలు. ఇది రోగం కాదు, నాడి. భూమి అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర తక్కువ శక్తి కణాలను దారి మళ్లించి పంపేస్తుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆ అడ్డు పలచబడుతుంది.

ఎత్తులు రెండూ సమానంగా ఉండాలని మాత్రం చూడకండి. కక్ష్య 51.6 డిగ్రీల అక్షాంశం దాటదు, అయస్కాంత ధ్రువాలేమో భౌగోళిక ధ్రువాల నుంచి కాస్త పక్కకు ఉన్నాయి. అందుకని కెనడా మీద, ఆస్ట్రేలియాకి దక్షిణాన సముద్రం మీద రేటు బాగా ఎక్కుతుంది. అదే అక్షాంశంలో సైబీరియా మీద అంత ఎక్కదు. మన దక్షిణ భారతం మీదుగా పోయేటప్పుడు మాత్రం రేటు దాదాపు అడుగున ఉంటుంది, ఎందుకంటే అయస్కాంత భూమధ్యరేఖ మనకి దగ్గరే. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రానికి కూడా ఇదే కలిసొచ్చింది: ఇక్కడ పైకి పంపిన పరికరాలకు కాస్మిక్ కిరణాల గోల తక్కువ.

ఇక అసలు పరీక్ష. రేటు ఉన్నట్టుండి పైకి లేచింది, లైవ్ టైమ్ పడిపోయింది. చెయ్యి కీబోర్డు మీదకి పోతుంది. పోనివ్వకండి, ముందు మ్యాప్ చూడండి. కేంద్రం బ్రెజిల్ మీదో, దక్షిణ అట్లాంటిక్ మీదో ఉంటే అది సౌత్ అట్లాంటిక్ అనామలీ. అక్కడ భూమి రేడియేషన్ వలయం, అంటే అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల పట్టీ, బాగా కిందికి దిగి ఉంటుంది. కొన్ని నిమిషాల్లో దాటేస్తాం, ఆ సమయపు డేటాని విశ్లేషణలో పక్కన పెడతారు. పోయిన చుట్టులో ఇది కనిపించలేదే అని కంగారు పడొద్దు. కింద భూమి తిరుగుతోంది కాబట్టి ప్రతి చుట్టూ సుమారు 23 డిగ్రీలు పడమరకి జరుగుతుంది. రోజులో కొన్ని చుట్లు ఆ ప్రాంతాన్ని తాకుతాయి, మిగిలినవి తాకవు.

మరి మ్యాప్‌లో కేంద్రం అక్కడ లేకపోతే? అప్పుడు పల్లాలను చూడండి. సూర్యుడి నుంచి కణాల తుఫాను వస్తే అధిక అక్షాంశాల్లో ఎత్తులే పెరుగుతాయి, భూమధ్యరేఖ దగ్గర పల్లం దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది. ఏదైనా సెన్సర్ దానంతటదే గోల చేస్తుంటే ఆ గోలకి అక్షాంశంతో పని లేదు. అన్నిచోట్లా రేటు పెరుగుతుంది, అది పల్లంలోనే తేలిగ్గా బయటపడుతుంది. 200 దగ్గర ఉండాల్సిన అడుగు చుట్టు చుట్టుకీ పైకి జరుగుతోందంటే, అప్పుడు ఆ సెన్సర్ నిపుణుడికి ఫోన్ చెయ్యండి. అర్ధరాత్రి అయినా సరే, మొహమాటపడొద్దు.

గ్రాఫులో ఖాళీ కనిపిస్తే అది వేరే సంగతి. ఉపగ్రహాల ద్వారా వచ్చే సిగ్నల్ మధ్యమధ్యలో తెగుతుంది. పైన డేటా దాచిపెట్టే ఏర్పాటు ఉంది, తర్వాత తెచ్చుకోవచ్చు. సిగ్నల్ లేనప్పుడు మాత్రం కమాండ్ పంపకండి.

ఇంటిపని: అంతరిక్ష కేంద్రం ఎక్కడుందో చూపే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. ఏదో ఒకటి తెరిచి, గంటన్నర పాటు పది నిమిషాలకోసారి అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. ఆ పట్టిక పక్కన రేటు ఎక్కడ ఎంత ఉంటుందో ఊహించి గీత గీయండి. కెనడా వైపు, సైబీరియా వైపు ఎత్తులు ఒకేలా గీస్తే, పైన ఎత్తుల గురించి రాసిన పేరా మళ్లీ చదవండి.

వచ్చే పాఠం ఉష్ణోగ్రతలది. ట్రాకర్‌ని చల్లబరిచే కార్బన్ డయాక్సైడ్ పంపులు ఎందుకు అంత తలనొప్పి అయ్యాయో, 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా వ్యోమగాములు లూకా పర్మితానో, ఆండ్రూ మోర్గాన్ నాలుగుసార్లు బయటికి వెళ్లి గొట్టాలు ఎలా కోసి అతికారో అందులో చూద్దాం.