ఇంట్లో మనుషుల కోసం కృతజ్ఞతా ప్రార్థన ఎలా చేసుకోవాలి?

మా ఇంటి గృహప్రవేశం రోజున పాస్టరు గారు గది గదికీ వచ్చి ప్రార్థన చేశారు. హాలు కోసం, వంటగది కోసం, మేడ మీద నీళ్ల ట్యాంకు కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పాం. వచ్చిన వాళ్లందరికీ బిర్యానీ పెట్టాం. ఆ రోజంతా మా నాయనమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పునాదికి డబ్బు సరిపోకపోతే తన గాజులు తీసి నాన్న చేతిలో పెట్టింది ఆమే. ఆమె కోసం మాత్రం ఎవరమూ ఒక్క మాట స్తోత్రం చెప్పలేదు. ఆమెను భూస్థాపన చేసి ఇంటికి తిరిగి వచ్చిన రాత్రి ఆ సంగతి నాకు తట్టింది. అప్పటికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఉద్యోగం వస్తే కృతజ్ఞతా కూటం పెడతాం. ప్లాటు కొన్నా, వీసా వచ్చినా పెడతాం. కొత్త బండి కొంటే తాళాలు పాస్టరు గారి చేతికిచ్చి ప్రార్థన చేయిస్తాం. ఇవి తప్పు అనను, అవీ దేవుడిచ్చినవే. కానీ ఆ బండి మీద ఎక్కే మనుషుల్ని ఇచ్చింది కూడా ఆయనే కదా. వాళ్ల కోసం స్తోత్రం చెప్పడానికి మనకు ప్రత్యేకంగా ఒక రోజంటూ లేదు. నాయనమ్మ పోయాక మా ఇంట్లో వారానికి ఒకసారి అలాంటి ప్రార్థన మొదలుపెట్టాం. మేం చేసే పద్ధతి కింద రాస్తున్నాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

1. అందరూ ఉండే సమయం చూసుకోండి

రోజూ కుటుంబ ప్రార్థన చేసుకునే ఇళ్లు వారంలో ఒక రోజును దీనికి వాడుకోవచ్చు. అలవాటు లేని ఇళ్లకు శనివారం రాత్రి భోజనాలయ్యాక కుదురుతుంది. ఇరవై నిమిషాలు చాలు. టీవీ ఆపి, ఫోన్లు పక్క గదిలో పెట్టేయండి.

ఇంటి మనిషి దూరదేశంలో ఉంటే ఒక్క ఫోను మాత్రం మధ్యలో పెట్టుకోండి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి పనిచేస్తున్న అమ్మలు, నాన్నలు ఎంతమందో. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి వాళ్లకు అదే నయం. మనకు రాత్రి 8 గంటలైతే వాళ్లకు సాయంత్రం 5:30. డల్లాస్‌లో ఉన్న వాళ్లకు మన శనివారం రాత్రి 9 అంటే వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30. నెట్ సరిగా లేకపోతే ముందుగానే వాయిస్ మెసేజ్ పంపమనండి. ఆ మనిషి వంతు వచ్చినప్పుడు అది వినిపించండి.

2. మనిషి పేరు, చేసిన పని నోట్‌బుక్‌లో రాయండి

ఈ పద్ధతికి ప్రాణం ఇదే. దీనికి తొందరపడకండి.

"ప్రభువా, మంచి కుటుంబాన్ని ఇచ్చినందుకు స్తోత్రం" అనే మాట మనకు నోటికి వచ్చేసింది. అలా అంటున్నప్పుడు మన కళ్ల ముందు ఎవరి ముఖమూ కదలదు. అందుకే ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ నోట్‌బుక్‌లో ఒక పేరు, ఆ వారంలో ఆ మనిషి చేసిన ఒక పని రాయాలి. "అమ్మ చాలా మంచిది" అని రాస్తే సరిపోదు. "మంగళవారం నాకు జ్వరం వస్తే అమ్మ రాత్రి రెండుసార్లు లేచి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది" అని రాయాలి. "అన్నయ్య నా పరీక్ష రోజు బండి నాకిచ్చి తను బస్సులో వెళ్లాడు." "మామగారు పిల్లాణ్ణి ట్యూషన్ నుంచి వానలో నడిపించుకుని వచ్చారు." ఇలా.

బైబిల్లో సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు చేసిందీ ఇదే. రోమా పత్రిక 16వ అధ్యాయం తీసి చూడండి. అంతటి సిద్ధాంతం రాసిన మనిషి, చివరికి వచ్చేసరికి వరుసగా పేర్లు చెబుతూ వెళతాడు. ఫీబే చాలామందికి సహాయం చేసింది. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారు. రూఫు తల్లి తనకూ తల్లే. ఆమె పౌలుకు ఏం చేసి పెట్టిందో అక్కడ రాయలేదు. ఆ ఒక్క మాట చదివితే మాత్రం ఏదో ఒక రోజు ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది. తిమోతికి రాసిన రెండో పత్రిక మొదట్లో అతని విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పేర్లు పెట్టి గుర్తు చేస్తాడు.

రాయడం రాని పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు రాయాలి. మొదటి రెండు వారాలు ఏమీ తోచదు. అది మామూలే. మూడో వారం నుంచి బుధవారం నాడే "ఇది రాసుకోవాలి" అని గుర్తొస్తుంది. మనం ఇంట్లో వాళ్లను చూడటం మొదలుపెట్టామని దాని అర్థం.

3. చిన్న వాక్యం చదవండి

127, 128 కీర్తనల్లో ఏదో ఒకటి చాలు. మొదటిది ఐదు వచనాలు, రెండోది ఆరు. రెండూ యాత్రకీర్తనలే. ఊళ్ల నుంచి యెరూషలేముకు పండుగకు నడిచి వెళ్లేవాళ్లు దారిలో పాడుకున్న పాటలని చెబుతారు.

షిఫ్టులు, ఓవర్‌టైమ్ చేసేవాళ్లున్న ఇల్లయితే 127వ కీర్తన రెండో వచనం దగ్గర కాసేపు ఆగండి. వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకుని, కష్టపడి సంపాదించిన తిండి తినడం గురించి అక్కడ ఉంది. ఆ వెంటనే మూడో వచనంలో పిల్లలు దేవుడిచ్చిన స్వాస్థ్యమన్న (అంటే వారసత్వపు ఆస్తి అన్న) మాట వస్తుంది. రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు కీర్తనకారుడు.

128వ కీర్తనలో చేతుల కష్టార్జితం అనుభవిస్తావు అన్న దీవెన ముందు వస్తుంది. ఆ తర్వాత లోగిట్లో ద్రాక్షావల్లి లాంటి భార్య, భోజనపు బల్ల చుట్టూ ఒలీవ మొక్కల్లాంటి పిల్లలు, చివర పిల్లల పిల్లలు. ఒలీవ చెట్టు మనకు తెలియదు కాబట్టి పిల్లలకు ఇలా చెప్పండి: పాత ఒలీవ చెట్టు మొదలు చుట్టూ కొత్త పిలకలు లేస్తాయి, మన అరటి చెట్టు చుట్టూ లేచినట్టే. మా ఇంట్లో భోజనపు బల్ల లేదు, చాపే. చాప చుట్టూ అయినా పిలకలు పిలకలే.

4. పిల్లలతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ ప్రార్థించండి

రాసుకున్న పేరు, పని, ఆ మనిషిని ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఈ మూడూ వస్తే ప్రార్థన అయినట్టే. "తండ్రీ, చెల్లి నాకు తన పెన్సిలిచ్చింది. చెల్లిని ఇచ్చినందుకు స్తోత్రం. ఆమేన్." ఏడేళ్ల పిల్లాడు చేసే ఈ ప్రార్థనకు మనం కలపాల్సింది ఏమీ లేదు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ప్రార్థనలో ఎవరికీ బుద్ధి చెప్పకండి. మన ఇళ్లలో ఇది ఉంది. "ప్రభువా, వీడు చదువుకునేలా మనసు మార్చు, ఫోను పిచ్చి తీసెయ్" అని కళ్లు మూసుకుని అంటాం. దేవునితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, తగలాల్సింది మాత్రం పక్కన కూర్చున్న పిల్లాడికి. కోడలికి, మొగుడికి కూడా ఇలాగే తగులుతుంది. అలాంటి ప్రార్థన నాలుగుసార్లు విన్న పిల్లాడు ఐదోసారి తలనొప్పి అని మంచం ఎక్కుతాడు. వాడి చదువు గురించి ప్రార్థించాల్సిందే. అది మీ గదిలో, తలుపు వేసుకుని, మీరూ దేవుడూ మాత్రమే ఉన్నప్పుడు చేయండి. ఈ ఇరవై నిమిషాలు మాత్రం స్తోత్రానికే వదిలేయండి.

ఆమేన్ అన్నాక ఆ మనిషి వైపు చూడండి. అమ్మకు థాంక్స్ చెప్పడం మనలో చాలామందికి అలవాటు లేదు, చెబితే ఏదో పరాయివాళ్లతో మాట్లాడినట్టు ఉంటుంది. చెప్పకపోయినా ఫరవాలేదు. ఆమె కోసం మీరు చేసిన ప్రార్థనను ఆమె విన్నది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నా చాలు.

5. ఇంట్లో బాధ ఉన్నప్పుడు

కలహమున్న ఇళ్లు ఉన్నాయి. ఈ ఏడాదే మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు, పిల్లల కోసం కన్నీళ్లతో ఎదురుచూస్తున్న ఇళ్లు ఉన్నాయి. అక్కడ "కుటుంబం కోసం స్తోత్రం చెప్పండి" అనే మాట గాయం మీద కారం చల్లినట్టు ఉంటుందని నాకు తెలుసు.

రూతు గ్రంథంలో నయోమి మాట గుర్తు చేసుకోండి. భర్త, ఇద్దరు కొడుకులు మోయాబులో చనిపోయారు. బేత్లెహేముకు తిరిగి వచ్చి, నన్ను మారా (అంటే చేదు) అని పిలవండి, నిండుగా వెళ్లాను, యెహోవా నన్ను ఖాళీగా తీసుకొచ్చాడు అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు రూతు ఆమెతోనే ఉంది. అన్నీ వదులుకుని అత్తగారి వెంట నడిచి వచ్చిన కోడలు. దుఃఖంలో నయోమి కంటికి ఆమె ఆనలేదు. దేవుడు ఆ మాటకు నయోమిని తప్పుపట్టినట్టు ఎక్కడా లేదు. చివరి అధ్యాయంలో ఊరి ఆడవాళ్లే చెబుతారు, ఏడుగురు కొడుకుల కన్నా ఈ కోడలే నీకు ఎక్కువని.

కాబట్టి బాధలో ఉన్నవాళ్లు ముందు నయోమిలాగే ఉన్నదున్నట్టు దేవునితో చెప్పుకోండి. ఆ వారం స్తోత్రం రాకపోతే ఊరుకోండి. మీ వెంట నడిచి వచ్చిన మనిషి ఎవరో తర్వాత కనబడతారు. వాళ్లు రక్తసంబంధం కాకపోవచ్చు. సంఘంలో ఒక పెద్దమ్మ, హాస్టల్ రూంమేట్, రోజూ కూర గిన్నె పంపే పక్కింటి అక్క కావచ్చు. ఆ పేరు రాయండి.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5:18లో "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. ప్రతి విషయం "కోసం" అని లేదు. భర్త చేతిలో దెబ్బలు తింటున్న చెల్లెలు ఆ దెబ్బల కోసం స్తోత్రం చెప్పక్కర్లేదు. ఎవరైనా చెప్పమంటే వినక్కర్లేదు. ఆమె ముందు క్షేమంగా ఉండే చోటికి చేరాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు.

6. కొనబోయే వస్తువును మనుషుల పక్కన పెట్టి చూడండి

నెలకు ఒకసారి, ఏదైనా పెద్ద వస్తువు కొనే ముందు, కాగితం మీద లెక్క వేయండి. కొత్త టీవీ ఈఎంఐ కోసం రోజుకు ఒక గంట అదనంగా పని చేయాలనుకుందాం. నెలకు 26 పని దినాలంటే 26 గంటలు. అందులో పిల్లలు మెలకువగా ఉండే గంటలెన్ని? లెక్క వేశాక కూడా అవసరమే అనిపిస్తే కొనండి, దానికీ స్తోత్రం చెప్పండి. అమ్మ చేతులు నొప్పి పెట్టకుండా వాషింగ్ మెషీన్ కొనడం నాకైతే ప్రేమగానే కనిపిస్తుంది. సామెతలు 15:17లో ప్రేమ ఉన్న చోట ఆకుకూరల భోజనం, పగ ఉన్న ఇంట కొవ్విన ఎద్దు మాంసం కన్నా మేలని ఉంది. మాంసం తినవద్దని మాత్రం లేదు.

7. కానుక తీయండి, ఒక మనిషిని పిలవండి

మన సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవునికని పక్కన తీసే అలవాటు ఉంది. మీ ఇంట్లో ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పిడికిళ్లు, ఒక్కో పిడికిలికీ ఒక్కో పేరు. పిల్లలకు ఇది చాలా ఇష్టంగా ఉంటుంది. దూరంగా ఉన్న అన్నయ్య పిడికిలి కోసం మా ఇంట్లో పోటీ పడేవాళ్లు.

నెలకు ఒకసారైనా ఈ ప్రార్థన రోజు భోజనానికి ఒంటరిగా ఉన్న ఒకరిని పిలవండి. ద్వితీయోపదేశకాండము 16లో పండుగ రోజు సంతోషించేవాళ్ల వరుసలో కొడుకు, కూతురితో పాటు దాసుడు, దాసి, మందిర సేవ చేసే లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు అందరూ ఉన్నారు. వచ్చినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఏమీ వండకండి. ఉన్న పప్పు, పచ్చడే పెట్టండి. లేకపోతే వంట చేసేవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

8. డిసెంబర్ 31న నోట్‌బుక్ తెరవండి

ఆ రాత్రి కొత్త ఏడాదిలోకి అడుగుపెట్టే వాచ్‌నైట్ ఆరాధనకు బయలుదేరే ముందు ఏడాదంతా రాసినవి ఒక్కొక్కరూ కొన్ని పేజీల చొప్పున చదవండి. కనీసం గంట పడుతుంది కాబట్టి రాత్రి 8కే కూర్చోండి. ఆ ఏడాది వెళ్లిపోయినవాళ్ల పేర్లున్న పేజీలు దాటేయకండి, అవీ చదవండి. ఎవరికైనా గొంతు ఆగిపోతే పక్కవాళ్లు అందుకుని చదవాలి.