పక్కింటి వాసన మీ ఇంట్లోకి వస్తోందా? ముందు మీ చిమ్నీ ఆపి చూడండి

ఇళ్ళలోకి వాసన ఎక్కడి నుంచి వస్తోందో వెతికి సరిచేయడం నా పని. ఫోన్ చేసిన వాళ్ళలో చాలామంది మొదటి మాటే, "కింది ఫ్లాట్ వాళ్ళు ఎండు చేపలు వేయిస్తున్నారండీ, ఇంట్లో ఉండలేకపోతున్నాం" అంటారు. నేను వెళ్ళేసరికి రెండిళ్ళ మధ్య మాటలు కూడా ఆగిపోయి ఉంటాయి. అది చూస్తే బాధేస్తుంది. ఎవరింట్లో ఏం వండుకోవాలన్నది వాళ్ళ ఇష్టం. మనం వెతకాల్సింది ఆ వాసన ఏ సందులోంచి వస్తోంది, దాన్ని లోపలికి లాగుతున్నది ఏది అన్నదే. అపార్ట్‌మెంట్లలో ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నాను. నేను చూసిన చాలా ఇళ్ళలో వాసనను లాగుతున్నది సొంత వంటింటి చిమ్నీయే.

వంట గ్యాస్ వాసన అనిపిస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

మురుగు కంపు, అదీ ఊరి నుంచి తిరిగి రాగానే

ఇందులో పక్కింటి వాళ్ళ తప్పేమీ లేదు. బాత్రూమ్ జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. అందులో సుమారు రెండంగుళాల లోతు నీళ్ళు ఎప్పుడూ నిలబడి ఉండాలి. బిల్డింగ్ మొత్తం డ్రైనేజీ పైపుకీ మీ ఇంటికీ మధ్య అడ్డుగా ఉన్నవి ఆ నీళ్ళే. వేసవిలో నెల రోజులు తాళం వేసి వెళ్ళినా, చుట్టాల గది బాత్రూమ్ వాడకుండా వదిలేసినా అవి ఆవిరైపోతాయి. రెండు మగ్గుల నీళ్ళు పోసి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఈ చిన్న పని వదిలేసి ఫినాయిల్ సీసాలు, సువాసన బిళ్ళలు కొంటూ నెలలు గడిపేవాళ్ళను చూశాను. వాడని బాత్రూమ్ ఉంటే వారానికోసారి నీళ్ళు పోయడం అలవాటు చేసుకోండి.

వంట వాసన, మీరు వండుతున్నప్పుడే ఎక్కువ

అందరూ దాటేసేది ఇక్కడే. నేనూ ఒకసారి దెబ్బతిన్నాను.

మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. రోజూ ఉదయం ఎనిమిదికి కింది ఇంటి పోపు ఘాటు, ఆదివారం చేపల వాసన. డక్ట్ (పైపులు వెళ్ళడానికి అంతస్తులన్నిటికీ కలిపి వదిలే నిలువు ఖాళీ) వైపు బాత్రూమ్ వెంటిలేటర్ అద్దాల పలకల మధ్య నుంచి వాసన కొట్టినట్టు వస్తోంది. ఇంకేముంది అనుకుని ఆ వెంటిలేటర్‌కి అక్రిలిక్ షీటు బిగించి, చుట్టూ సిలికాన్ పెట్టి వచ్చేశాను. మూడో రోజు ఆ ఇంటి అమ్మగారు ఫోన్ చేసి, "బాబూ, చేపల వాసన పోయింది గానీ ఇప్పుడు డ్రైనేజీ కంపు కొడుతోంది" అన్నారు.

వెళ్ళి చూస్తే ట్రాప్‌లో నీళ్ళు అడుగంటాయి. పోశాను. వచ్చే వారం మళ్ళీ అదే కంపు. అప్పుడు ఆమె వంట చేస్తున్నంతసేపూ అక్కడే నిలబడి చూశాను. చిమ్నీ మూడో స్పీడ్‌లో ఉంది. ఏసీ కోసం హాల్ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బాత్రూమ్ తలుపు కింద సందు దగ్గర అగరబత్తి పెడితే, పొగ పైకి లేవకుండా గీత గీసినట్టు వంటింటి వైపు పరుగెత్తింది. చిమ్నీ ఆపాను. రెండు నిమిషాల్లో పొగ నిటారుగా నిలబడింది.

జరిగేది ఇదీ. చిమ్నీ పెట్టె మీద గంటకు 1200 క్యూబిక్ మీటర్లు అని రాసి ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌లో ఉండే గాలంతా కలిపితే సుమారు 280 క్యూబిక్ మీటర్లు. చిమ్నీ సగం శక్తితో నడిచినా అరగంటలో ఇంటెడు గాలిని బయటికి నెట్టేస్తుంది. అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. కిటికీలు మూస్తే డక్ట్ వెంటిలేటర్ నుంచి వస్తుంది. అదీ మూస్తే ఎండిన ట్రాప్‌లోంచి వస్తుంది. నేను ఒక దారి మూసి ఇంకో దారి తెరిపించానన్నమాట.

షీటు తీసేశాను. చిమ్నీ వేసే ముందు బాల్కనీ వైపు కిటికీ జానెడు తెరవమన్నాను. బాత్రూమ్ తలుపు మూసి ఉంచమని, దాని కింద రబ్బరు పట్టీ బిగించాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాతది తీసి, ఆపగానే రెక్కలు మూసుకునేది పెట్టాం. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు.

కాబట్టి వాసన వచ్చిన సమయంలో మీ చిమ్నీ, బాత్రూమ్ ఎగ్జాస్ట్ రెండూ ఆపండి. పావుగంటలో తగ్గితే దాన్ని లాగుతున్నది మీ ఇల్లే. తగ్గకపోతే కింద చెప్పినవి చూడండి. పైపు లేకుండా గాలిని ఫిల్టర్ చేసి మళ్ళీ గదిలోకే వదిలే చిమ్నీ అయితే ఈ సమస్య రాదు.

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్ వెంటిలేటర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. గీజర్ మంట నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. స్నానానికి వెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలి చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఆ గీజర్ మెషిన్‌ను బాత్రూమ్ బయట గాలి ఆడే చోట పెట్టించి, వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తెప్పించుకోండి.

మిగతావి

పైవాళ్ళు ఫ్లష్ చేసినప్పుడు మీ జాలీలో గుడగుడమంటోందా? డ్రైనేజీ పైపుకి గాలి అందించే వెంట్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు. టెర్రస్ మీదికెళ్ళి చూడండి. పక్షి గూడో, ఎవరో షెడ్డు వేస్తూ కోసేసి మూత పెట్టిన పైపో కనిపించవచ్చు. సిగరెట్ పొగైతే సింక్ కింద, గోడలోకి పైపులు వెళ్ళే చోట ఖాళీలు ఉంటాయి. సిలికాన్‌తో పూడ్చండి. ఏసీ వేసినప్పుడే కంపు వస్తే దాని నీళ్ళ గొట్టాన్ని ఎవరో డ్రైనేజీ పైపులో కలిపి ఉండొచ్చు, అలా ఉంటే విడదీయించండి. చచ్చిన ఎలుక లాంటివి ఎప్పుడో ఒకసారి, వాటి గురించి టెన్షన్ వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా వాసన ఆగకపోతే, అప్పుడు కింది వాళ్ళ చిమ్నీ పైపు ఎక్కడ తెరుచుకుందో చూడండి. డక్ట్‌లోకి ఉంటే పొగంతా పై అంతస్తుల వెంటిలేటర్ల ముందు నుంచే పోతుంది. అప్పుడు వెళ్ళి మాట్లాడండి. కూర ఊసెత్తకుండా పైపు గురించి మాత్రమే చెప్పండి. "అక్కా, మీ చిమ్నీ పైపు డక్ట్‌లోకి ఉంది, బయటి గోడ వైపు తిప్పిస్తే అందరికీ బాగుంటుంది, ఖర్చులో మేమూ కొంత వేసుకుంటాం" అన్న ఇంట్లో పని ఆ వారంలోనే అయిపోవడం చూశాను.