సికార్ పాయింట్ రాతి పొరలను వాటర్ కలర్స్‌తో వేయడం ఎలా?

సికార్ పాయింట్ స్కాట్లాండ్ తూర్పు తీరంలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉంది. 1788లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్, తన మిత్రులు జాన్ ప్లేఫెయిర్, సర్ జేమ్స్ హాల్‌తో కలిసి పడవలో వెళ్లి ఈ రాళ్లను చూశాడు. అడుగున దాదాపు నిటారుగా నిలబడ్డ బూడిదరంగు గ్రేవాకీ (మట్టి కలిసిన గట్టి ఇసుకరాయి) పొరలు ఉంటాయి. వాటి కొసల మీద కొద్దిపాటి వాలుతో ఎర్ర ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. రెంటి వయసుకీ తేడా సుమారు 6.5 కోట్ల ఏళ్లు. ఈ బొమ్మకు ప్రాణం ఆ రెండూ కలిసే గీతే, అంటే అతుకే. అది చెదిరితే మిగిలేవి ఏ తీరంలోనైనా కనిపించే బండలే.

1. ముందు రాతలు, తర్వాత రంగులు

హట్టన్ 1795 నాటి పుస్తకం, ప్లేఫెయిర్ రాసిన వర్ణన, హాల్ గీసిన స్కెచ్ ముందు పెట్టుకోండి. ఏ పొర కింద ఉంది, ఎంత వాలింది, ఎంత మందం, ఏ రంగు, అతుకు దగ్గర ఏముంది అన్నవి విడిగా రాసుకోండి. ఫొటో ఒక్కటే చూసి వేస్తే నాచు, నీడ, పగులు అన్నీ ఒకే బరువుతో వచ్చేస్తాయి. భూగర్భ శాస్త్రవేత్త రాసుకున్న మాటలు ఏది వదిలేయాలో చెబుతాయి.

2. సామగ్రి

300 జీఎస్ఎమ్ (మందపాటి) కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకైన) కాగితం, 12వ నంబర్ గుండ్రటి బ్రష్, అర అంగుళం ఫ్లాట్ బ్రష్, సన్నగీతలకు 2వ నంబర్ బ్రష్, హెచ్‌బీ పెన్సిల్, కోణమానిని. రంగులు నాలుగు చాలు: అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్, యెల్లో ఓకర్. నలుపు వద్దు, రాయి బొగ్గులా కనిపిస్తుంది.

3. పెన్సిల్ గీత

అతుకు గీత ముందు గీయండి. స్కేలు పెట్టకండి, కోత పడి అరిగిన నేల అది, ఎగుడుదిగుడుగా ఉండాలి. దాని పైన ఇసుకరాయి పొరలను సుమారు 15 డిగ్రీల వాలుతో, కింద గ్రేవాకీని నిలువుకు దగ్గరగా గీయండి. నిలువు పొరలన్నీ ఒకే మందంతో వస్తే కంచెలా ఉంటుంది. మధ్యలోని మెత్తటి పొరలు అరిగిపోయి గట్టివి ముందుకు పొడుచుకొస్తాయి. నిలబెట్టిన తాళపత్రాల కట్టలో కొన్ని ఆకులు బయటికి జరిగినట్టు ఉండాలి.

4. బూడిదరంగు

రాళ్లు ఏర్పడిన వరుసలోనే రంగు వేయండి. అల్ట్రామెరైన్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు కలిపి పలచని వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన పూత) వేయండి. ఆరాక అదే రంగును చిక్కగా తీసుకుని, ఫ్లాట్ బ్రష్ అంచుతో పై నుంచి కిందికి లాగండి. ఈ రెండు రంగుల రేణువులు కాగితం గుంటల్లో దిగి, రాతి గరుకుదనాన్ని వాటంతటవే ఇస్తాయి. ఉప్పు చల్లే చిట్కా ఇక్కడ పనికిరాదు, మంచు పూలలా మచ్చలు పడతాయి.

5. ఎరుపు, అతుకు

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. బూడిదరంగు తడి మీద ఉండగానే ఎరుపు తగిలితే రెండూ పాకి, గీత మాయమవుతుంది. అరచేతి వెనకవైపు కాగితానికి తాకించండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. పూర్తిగా ఆరాక లైట్ రెడ్‌లో కొద్దిగా యెల్లో ఓకర్ కలిపి, పొరల వాలు వెంటే అడ్డంగా లాగండి. అంచు దగ్గర ఎరుపును బూడిదరంగు మీదికి ఎక్కించకుండా ఆనించి ఆపండి.

ఎర్రరాయి అడుగున గ్రేవాకీ ముక్కలు చిక్కుకుని ఉంటాయి. కింది రాయి అరిగి, విరిగి, పైరాయిలో కలిసిందనడానికి అవే సాక్ష్యం. 2వ నంబర్ బ్రష్‌తో, కోణాలు తేలిన చిన్న బూడిద ముక్కలు పది పన్నెండు వేయండి. గుండ్రంగా వేస్తే ఏటి గులకరాళ్లనుకుంటారు.

6. నీడలు, కొలత

వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. ఎరుపు నీడకు అదే ఎరుపులో అల్ట్రామెరైన్ కలపండి. సముద్రం ఒక్క పలచని వాష్ చాలు. హట్టన్ మిత్రుడు జాన్ క్లర్క్ స్కాట్లాండ్‌లోని జెడ్‌బరో దగ్గరి ఇలాంటి అతుకునే గీసినప్పుడు, పైన బండిని, గుర్రపు రౌతును పెట్టాడు. రాతి ఎత్తు ఎంతో దాంతోనే తెలుస్తుంది. మీరూ పైన ఒక మనిషిని నిలబెట్టండి.

ఇదే పద్ధతిలో తిరుమల కొండల్లోని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీని (ఇలాగే వేర్వేరు వయసుల రాళ్లు కలిసే అతుకును) కూడా వేయవచ్చు. అక్కడ పైన క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పొరలు, అడుగున గ్రానైట్. గ్రానైట్‌కు పొరలుండవు కాబట్టి, కింది సగంలో నిలువు గీతలు మానేసి, తడి స్పాంజితో అద్దండి.