తెలిసిన సంగతిని చేతల్లోకి తెచ్చుకున్న విధం

గుంటూరు మిరప యార్డులో సరుకు కొనే పనిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నప్పటికీ, టిక్కీ (ఎండుమిరప బస్తా) పైభాగంలోని కాయ నిగనిగను చూసి ధర చెప్పేసి, కోల్డ్ స్టోరేజీకి పంపే ముందు లోపలి తేమను గ్రహించి నష్టపోవడం నాకు ఏటా జరుగుతూనే ఉండేది. అడుగునున్న కాయను తీసి చూడాలని, గింజ గలగలమంటే ఎండినట్లని, కాయ మెత్తగా వంగితే తేమ ఉన్నట్లని నాకు తెలియనిది కాదు; కొత్తగా చేరిన కుర్రవాళ్లకు నేర్పినదీ నేనే (ఒప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది).

మూడేళ్ల కిందట జేబులో పట్టే నోటుపుస్తకం కొని, ప్రతి బేరానికి ముందు ఎందుకు కొంటున్నానో ఒక వాక్యం, సరుకు అమ్ముడుపోయాక ఫలితం ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను. సీజను ముగిశాక తిరగేస్తే, నష్టం వచ్చిన బేరాల్లో చాలావాటికి ఎదురుగా ఒకే కారణం కనిపించింది: పక్కవారు కొంటున్నారు. తేమను గుర్తించడం చేతకాక కాదు, వెనుకబడతానన్న భయంతోనే తెలిసినదాన్ని పక్కన పెడుతున్నాను.

ఇప్పుడు మూడు టిక్కీల అడుగునుంచి కాయలు తీసి విరిచాకే ధర చెబుతున్నాను. ఆ ఆలస్యం వల్ల మంచి సరుకు రెండుసార్లు చేజారింది కూడా. కొత్త ఫోను అడిగిన మా అబ్బాయిని సైతం ఆ ఒక్క వాక్యం రాయమన్నాను, వాడింకా రాయలేదు.